చెవిగారి పదో స్థానం

ప్రపంచంలోని పది గొప్ప సింఫనీ ఆర్కెస్ట్రాలు ఏవో తేల్చిపారేసే భారం ఆ ఏడు చెవిగారి మీద పడింది. చెవిగారు అన్న పేరు పత్రికాఫీసు వాళ్ళు పెట్టింది. సంగీతం గురించి రాసేవాడు ఆఫీసు మొత్తానికీ ఆయనొక్కడే కాబట్టి, ఆఫీసు మొత్తానికీ చెవి ఆయనే. వాళ్ళు వెటకారానికి పెడితే ఆయన బిరుదుగా పుచ్చుకుని, ఫోనెత్తి "చెవి మాట్లాడుతున్నాను" అనేదాకా వెళ్ళారు.

ఆ పదింటిలో ఆయన ఎదురుగా కూర్చుని విన్నవి రెండే. అందులో ఒకటి వింటూ సగంలో కునుకు తీశారు. మిగతావన్నీ రాతగది తలుపు బిగించుకుని, హెడ్‌ఫోన్లు తగిలించుకుని రికార్డుల్లో విన్నవే. అయినా రాతలో ఎక్కడా తడబాటు లేదు. ఒక ఆర్కెస్ట్రా తీగవాద్యాల్లో మంచు కురిసే ఉదయం వినిపించిందన్నారు. ఇంకోదాని బూరల్లో పండిన గోధుమచేను రంగు ఉందన్నారు. నాలుగో స్థానానికీ ఐదో స్థానానికీ తేడా ఏమిటని ఎవరైనా అడిగితే, కళ్ళు అరమోడ్చి, "అది చెబితే తెలిసేది కాదు" అనేవారు. అడిగినవాళ్ళే తమ తెలివితక్కువకి సిగ్గుపడి తప్పుకునేవారు.

పేచీ అంతా పదో స్థానం దగ్గర వచ్చింది.

"పదోది మన ఊళ్ళోది పెట్టేయండి, చెవిగారూ" అన్నాడు సంపాదకుడు.

"మన ఆర్కెస్ట్రానా? ప్రపంచంలోనా?"

"మన ఊరు ప్రపంచంలోనే ఉంది కదండీ!"

ఆ లెక్కని చెవిగారు కాదనలేకపోయారు. పైగా ఆయన భార్య అదే ఆర్కెస్ట్రాలో రెండో వరసలో కూర్చుని, వయొలిన్‌కి పెద్దక్కలాంటి వయోలా వాయిస్తుంది. బావమరిది అక్కడే ట్రాంబోన్ ఊదుతాడు. పెడితే బయట పరువు పోతుంది, పెట్టకపోతే ఇంట్లో పోతుంది. బయట పరువంటే ఎప్పుడో ఒకప్పుడు కనబడేది. ఇంట్లో పరువుతో రోజూ భోజనానికి కూర్చోవాలి. అంచేత "వికసిస్తున్న ఆత్మగల వాద్యబృందం" అని రాసి పదో స్థానంలో పడేశారు.

పత్రిక వచ్చిన రోజు బావమరిది భోజనాల బల్ల దగ్గర దాన్ని పైకి చదివాడు.

"బావా, ఆ తొమ్మిదోవాళ్ళు మాకంటే ఎందులో ఎక్కువ?" అన్నాడు ఉక్రోషంగా.

"పదకొండోవాళ్ళకంటే మనం ఎందులో ఎక్కువో ముందు అది కనుక్కోరా" అంది అక్క. "పోయిన కచేరీలో కండక్టర్ పుల్ల ఊపి మూడో భాగం మొదలెట్టేసరికి సగంమందిమి రెండో భాగంలోనే ఉన్నాం. ఏవండీ, ఆ రోజు మీరు వచ్చారు కదూ?"

"వచ్చాను. ఆ చోట ఒక విధమైన అస్పష్ట సౌందర్యం ఉంది."

"కాగితాలు తిరగేసుకుంటున్నామండీ అప్పుడు."

ఊళ్ళో మాత్రం సందడి మొదలైంది. కచేరీ హాలు ముందు ఇంత బారు బ్యానరు కట్టారు. "ప్రపంచంలో పదో" అన్న అక్షరాలు వీధి మలుపు నుంచే కనబడేవి. ఆ మాట అన్నదెవరో మాత్రం అద్దాలు పెట్టుకుని వెతుక్కోవాలి. కండక్టర్ మెట్లమీద ఎదురైనవాళ్ళ నమస్కారాలకు బదులివ్వడం మానేశాడు. ట్రాంబోన్ వాళ్ళు ముగ్గురూ గదిలో హీటరు మార్పించమని గొడవకు దిగారు. పదో స్థానంవాళ్ళు చలికి వణకడం దేశానికే అప్రతిష్ఠ కదా అన్నది వాళ్ళ వాదన.

ఈ గొడవ ఆర్కెస్ట్రా పాలకసంఘం అధ్యక్షురాలి దాకా వెళ్ళింది. ఆవిడది సిమెంటు వ్యాపారం. సరుకు మీద ఒక ముద్ర పడిందంటే లోపల ఉన్నది ఆ ముద్రకు తగ్గదేనా అని చూసుకోవడం ఆవిడకు అలవాటు. "పదో స్థానమంటే మాటలా! అందుకు తగినవాళ్ళే వాయిస్తున్నారో లేదో తేల్చాలి" అని, ప్రతివాళ్ళూ తమ కుర్చీకోసం తామే మళ్ళీ ఆడిషన్ ఇవ్వాలని ఉత్తర్వు వేసింది. బయటివాళ్ళు కూడా పోటీకి రావచ్చుట. ఇన్నాళ్ళూ ఎవరూ మెచ్చుకోక నిశ్చింతగా బతికిన మనుషులకు, ఒక్క మెచ్చుకోలుతో ఉద్యోగం గాలిలో దీపమైంది.

"నీకు దణ్ణం పెడతాను బావా" అన్నాడు బావమరిది. "ఏ నూటపదో స్థానంలోనో పెట్టుంటే హాయిగా ఉండేవాళ్ళం కదా!"

భార్య మాత్రం ఉదయం ఒక గంట ఎక్కువ వాయించడం మొదలుపెట్టింది, వంటింట్లో. రాతగదిలోకి చప్పుడు రాకూడదని పెళ్ళైన కొత్తలోనే చెవిగారు కోరడంతో, ఆవిడ సాధన పొయ్యి పక్కకి చేరింది. అప్పట్నుంచీ అక్కడే.

ఇంతలో న్యాయనిర్ణేతల్లో ఒకరిగా రమ్మని చెవిగారికే పిలుపొచ్చింది. భార్య కూడా పోటీలో ఉంది కదా అని ఆయన మర్యాదకి నసిగారు.

"తెర ఉంటుంది కదండీ" అంది అధ్యక్షురాలు. "తెరకి అవతల మొగుడూ పెళ్ళాం ఏముంది?"

చెవిగారు ఒప్పుకున్నారు. లోపల ఒక ఆలోచన కూడా ఉంది. వెయ్యిమందిలో ఉన్నా తన భార్య వాయిద్యం తాను పోల్చుకోగలరు. పోల్చుకుని నాలుగు మార్కులు అటూ ఇటూ సర్దితే లోకం మునిగిపోదు. ఇంట్లో మాత్రం ఈ సంగతి పైకి అనలేదు. నిష్పక్షపాతం గురించి రెండు వాక్యాలు చెప్పి ఊరుకున్నారు.

వయోలాల వంతు వచ్చిన రోజు హాల్లో వేదికకు అడ్డంగా నల్లతెర కట్టారు. నడక బట్టి ఎవరో తెలిసిపోకుండా తివాచీ పరిచారు. అవతలివాళ్ళు నోరు విప్పకూడదు, పేర్లకు బదులు నంబర్లే. అందరూ వాయించవలసింది ఒకటే ముక్క. ఇవతల కండక్టర్, అధ్యక్షురాలు, వయోలా వరసకు నాయకురాలైన పెద్దావిడ, చెవిగారు వరసగా కూర్చున్నారు. పెద్దావిడ ముక్కుపొడి రంగు శాలువా కప్పుకుని, కళ్ళు మూసుకుని, ఏదీ మాట్లాడకుండా మార్కులు వేస్తూ పోయింది.

మూడో నంబరు వాయించగానే చెవిగారు నిటారుగా కూర్చున్నారు. ఆ నింపాది, ఆ లోతు, తెగకుండా సాగే ఆ కమాను! ఇంకెవరు? ఇంటి దీపం! నూటికి తొంభై ఎనిమిది వేశారు. మిగిలిన రెండూ అనుమానం రాకుండా తగ్గించారు.

ఐదో నంబరు వచ్చేసరికి ఇక తన ఇంటిపని అయిపోయింది కాబట్టి, విమర్శకుడు నిద్రలేచాడు. మొదట్లోనే ఒక స్వరం కొంచెం వణికింది. తరువాత కుదురుకుంది గానీ ఆయన ఆగలేదు.

"తడిసిన చెక్కపెట్టెని గచ్చుమీద ఈడుస్తున్నట్టుంది" అన్నారు, హాలంతా వినబడేటట్టు.

అధ్యక్షురాలు కిసుక్కున నవ్వింది. తెర అవతల వాయిద్యం ఒక్క క్షణం ఆగింది. మళ్ళీ మొదలై, చివరిదాకా తప్పు లేకుండా సాగింది. చెవిగారు నలభై వేశారు.

సాయంత్రం తెర తీసి, నంబర్లకు మనుషుల్ని జతచేశారు. మూడో నంబరు ఎవరో పొరుగూరి నుంచి వచ్చిన గడ్డపాయన. ఐదో నంబరు వయోలా చేత్తో పట్టుకుని, చెవిగారినే చూస్తూ నిలబడి ఉంది. మిగతా ముగ్గురూ మంచి మార్కులు వేయడంతో ఆవిడ కుర్చీ ఆవిడకే దక్కింది. అందరికంటే తక్కువ వేసింది కట్టుకున్నవాడే.

అప్పుడు కండక్టర్ లేచి, రెండు చేతులతో చెవిగారి చెయ్యి పట్టుకుని ఊపేశాడు. "నిష్పక్షపాతమంటే ఇదీ!" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. చెవిగారు వినయంగా తల వంచారు. ఆ పరిస్థితిలో తలకు వేరే పని కూడా లేదు.

ఇద్దరూ ఇంటికి నడిచి వస్తున్నారు.

"చెక్కపెట్టా?" అంది ఆవిడ.

"నువ్వని నాకు తెలీదే!"

"నా బాధ అదే కదండీ. మొదట్లో చెయ్యి వణికింది, తిట్టారు, పోనీ. వీధిలో కుక్క మొరిగితే ఏ కుక్కో చెప్తారు మీరు. రోజూ మీ ఇంట్లోనే వాయించేదాన్ని నేను."

ఊరడించాలని చెవిగారు నిజం చెప్పేశారు. "మూడో నంబరు నువ్వే అనుకున్నాను. అందుకే అన్ని మార్కులు వేశాను."

ఆవిడ నడక ఆపింది. "అంటే మోసం చేద్దామనుకుని, అది కూడా చేతకాలేదా?" అని, ఆపుకోలేక నవ్వేసింది. ఆ నవ్వులో కోపం ఎంతో, జాలి ఎంతో ఆయనకు అంతుపట్టలేదు.

ఆ వారం పత్రికలో "ఇల్లాలికైనా ఇంతే" అనే శీర్షికతో చెవిగారి ఫొటో వేశారు. దారిలో ముక్కూమొహం తెలియనివాళ్ళు ఆపి అభినందించారు. ఆయన పెద్దవీధి మానేసి సందుల్లోంచి నడవసాగారు. అందరికీ అసలు సంగతి చెప్పేస్తానని ఒక ఉదయం భార్యతో అన్నారు.

"నోరెత్తారంటే ఊరుకోను" అంది ఆవిడ. "మీరు మార్కులు వేసుంటే మొగుడు ఇప్పించాడనేవాళ్ళు. ఇప్పుడు మొగుడు కాదన్నా నిలబడిందంటున్నారు. ఈ మాట నాకు పనికొస్తుంది. మీరు కొన్నాళ్ళు నిజాయితీపరుడిగానే ఉండండి, చచ్చినట్టు."

ఆ మధ్యాహ్నం ఆయన హెడ్‌ఫోన్లు తీసి, రాతగది తలుపు తెరిచి, వంటింటి గుమ్మంలోకి వెళ్ళారు. ఆవిడ ఒకే ముక్కని మళ్ళీ మళ్ళీ వాయిస్తోంది.

"ఎందుకదే వాయిస్తున్నావు?"

"ఇది రాదు నాకు. ఎప్పుడూ రాలేదు."

ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నారు. ఆవిడ ఇంకోసారి వాయించింది.

"ఇప్పుడు వచ్చింది కదా?"

"రాలేదు."

మళ్ళీ వాయించింది. ఆయన కళ్ళు మూసుకోబోయి, మానేసి, ఆవిడ వేళ్ళవంక చూశారు.

"ఇప్పుడు?"

"మీకెలా ఉంది?"

ఆయనకు మంచు ఉదయాలూ గోధుమచేలూ ఏవీ నోటికి రాలేదు.

"నాకు తెలీడం లేదు" అన్నారు. "ఎక్కడ పోతోందో చూపించు."

ఆవిడ ఆ చోటుని నెమ్మదిగా, ఒక్కొక్క స్వరమే విడదీసి చూపించసాగింది. ఆయన ముందుకు వంగి వింటున్నారు. వెనకాల పొయ్యిమీద పాలు పొంగి చుయ్యిమన్నాయి. ఆ చప్పుడు మాత్రం ఇద్దరికీ ఒకేసారి వినిపించింది.