స్క్రూల డబ్బాలో ఉప్పు

కోడలు పెట్టే చప్పిడి తిండి వల్లే ఆయన కడుపు పాడైంది. ఇందులో ఇక మాట్లాడుకోవడానికేమీ లేదు.

ఆయన గడియారాలు బాగుచేస్తాడు. లివర్ గట్టిపడిందని రెండేళ్ల కిందట తేలింది. అప్పట్నుంచి డాక్టరమ్మ చెప్పిందని కోడలు కూరలో ఉప్పు తగ్గించింది. ఆయన కొట్లో స్క్రూలు దాచే చిన్న రేకు డబ్బా ఖాళీ చేసి, అందులో ఉప్పు పోసుకున్నాడు. మధ్యాహ్నం క్యారియర్ విప్పగానే, స్క్రూ పట్టినట్టే రెండు వేళ్లతో ఓ చిటికెడు. ఆ పైన ఇంకో చిటికెడు. చిటికెడు ఉప్పు కూడా ఒక ఉప్పేనా అనుకునేవాడు.

రెండు నెలలుగా నాలుగు ముద్దలకే కడుపు నిండిపోతోంది. వికారం, తేన్పులు, ఉబ్బరం. బెల్టుకు చివరి బెజ్జం చాలడం లేదు.

ఆయన భార్యకూ ఇలాగే మొదలైంది. ముందు నాలుగు ముద్దలు, తర్వాత రెండు. కడుపులో గడ్డన్నారు. ఏడు నెలలకల్లా ఆవిడ పోయింది. తనకూ అదేనేమోనన్న మాట ఆయన ఎవరితోనూ అనలేదు. అన్నదల్లా కోడల్నే.

"గోడకేసే సున్నానికైనా ఇంతకన్నా రుచి ఉంటుంది."

"పదండి మావయ్యా, డాక్టరమ్మతో నా మీద ఫిర్యాదు చేద్దురుగాని. నేనూ వస్తా."

ఆసుపత్రిలో నోట్లోంచి గొట్టం వేసి చూశారు. స్కానింగ్ కూడా తీశారు. డాక్టరమ్మ పిలిచేదాకా ఆయన ఆసుపత్రి గోడ గడియారం వైపే చూస్తూ కూర్చున్నాడు. అది నాలుగు నిమిషాలు వెనకబడింది. ఇంతమంది జీతగాళ్లున్నారు, ఒక్కడికీ పట్టలేదు.

"గడ్డలేమీ లేవు," అంది డాక్టరమ్మ.

కుర్చీ చేతిని పట్టుకున్న ఆయన వేళ్లు వదులయ్యాయి.

"మరి ఈ తిప్పలు?"

"లివర్ జబ్బు వల్ల పొట్టలో నీరు చేరింది పెద్దాయనా. అది జీర్ణాశయాన్ని నొక్కేస్తోంది, ఇక తిండికి చోటెక్కడిది? ఈ జబ్బులో కడుపు ఖాళీ కావడమూ నెమ్మదిస్తుంది. విరేచనం సాఫీగా కావడానికిచ్చిన సిరప్ కూడా గ్యాస్ చేస్తుంది. అది మానకండి, మోతాదు నేను సరిచేస్తా. నీరు తగ్గడానికి మాత్రలిస్తా. కొంచెం కొంచెంగా ఎక్కువసార్లు తినండి. ఇంతకీ ఉప్పు తింటున్నారా? ఈ నీరు పెరిగేది దానివల్లే."

కోడలు సంచిలోంచి రేకు డబ్బా తీసి బల్ల మీద పెట్టింది.

"నిన్న క్యారియర్ సంచిలో ఇంటికొచ్చింది. స్క్రూలనుకుని మూత తీశా."

డాక్టరమ్మ తల వంచుకుని మందులు రాయడం మొదలుపెట్టింది. నవ్వు దాచుకోవడానికే.

బయటికొచ్చాక కోడలు మెల్లగా అంది. "అత్తయ్యకొచ్చిందే అనుకున్నారు కదా?"

ఆయన నడుస్తూనే ఉన్నాడు.

"నాకూ అదే భయం మావయ్యా. రాత్రి ముద్ద దిగలేదు."

ఆయన డబ్బా మూత తీసి, ఉప్పంతా మురుగు కాలవలో దులిపాడు.

మూడు వారాలకు బెల్టు రెండు బెజ్జాలు లోపలికి వచ్చింది. ఆ పూట ఎనిమిది ముద్దలు తిన్నాడు. చప్పగా ఉందన్నాడు. ఇంకొంచెం పెట్టమన్నాడు.

"ఇంతకీ ఆసుపత్రిలో ఏం తేలింది నాన్నా?" అన్నాడు కొడుకు. కోడలు నవ్వాపుకుంటూ పెదవి కొరుక్కుంది.

"కడుపు నాది. జబ్బు నాది. ఆ ఊసు ఈ ఇంట్లో ఇంకెవరూ ఎత్తొద్దు."

కోడలి వంట వల్లే కడుపు పాడైందన్న మాట ఆయన కూడా మళ్లీ ఎత్తలేదు.