పెట్టిన చోట

బంగార్రాజుగారి రైసుమిల్లులో నన్నెవరూ కట్టెయ్యలేదు. ఫ్యాను కింద కుర్చీ వేశారు, వరసబెట్టి కాఫీలు పంపించారు, పళ్ళెంలో పూతరేకులు పెట్టారు. నా స్కూటరు తాళం మాత్రం లోపలికి తీసుకుపోయారు. మా గోదావరి జిల్లాల్లో మర్యాదను మించిన సంకెళ్ళు లేవు.

"లెక్కలు కనబడగానే ఇచ్చేస్తామండి దుర్గాసాయిగారూ. మీరెక్కడికీ పోరని తెలుసు. ఏదో మా ధైర్యం కోసం," అన్నారాయన నవ్వుతూ.

ఏ రైతు ధాన్యం ఏ గోడౌన్లో ఉందో మొత్తం మిల్లు కంప్యూటర్లోనే ఉంది. పొద్దున్నే రాజమండ్రి నుంచి పెద్దాపురం వచ్చి మా కంపెనీ లెక్కల ప్రోగ్రాం కొత్త వెర్షన్ సీడీ వేశాను. వేశాక తెరిస్తే ఒక్క రైతు పేరు లేదు.

ప్రోగ్రాంని కంప్యూటర్లోకి ఎక్కించే ఆ ఇన్‌స్టాలర్ స్క్రిప్టు రాసింది నేనే. మొదటిసారి ప్రోగ్రాం ఏ ఫోల్డరులో పెట్టామో కంప్యూటర్లో గుర్తు రాసి ఉంటుంది. కొత్తది ఆ చిరునామాకి వెళ్ళి చూస్తుంది. ఫోల్డరు ఉంటే అందులో లెక్కలు తెచ్చుకుంటుంది. లేకపోతే ఇక్కడ ఇంతకుముందు ఏమీ లేదని తేల్చేసి, ఖాళీ ఫోల్డరు తెరుచుకుని కూర్చుంటుంది. ఎవరినీ ఒక్క మాట అడగదు. అచ్చం నా బుద్ధే.

నిరుడు సీ డ్రైవులో నా చేతులతో పెట్టిన ఫోల్డరు! నా స్క్రిప్టే దాన్ని చెరిపేసిందని హడలిపోయాను. సీ డ్రైవంతా జల్లెడ పట్టాను. చెరిగిన ఫైళ్ళు తిరిగి తెచ్చే ప్రోగ్రాం పెట్టి తవ్వాను. మధ్యాహ్నం దాటిపోయింది.

అవతల అన్నవరం కొండ మీద మా ఆవిడ రామతులసి ఎదురుచూస్తోంది. పెళ్ళయ్యాక చేయించాల్సిన వ్రతం నా పనుల వల్లే వాయిదా పడుతూ వచ్చింది. "ఈసారీ రాకపోతే ఇంకెప్పుడూ పిలవను," అని చెప్పి కొండకి బయల్దేరింది. ఏడ్చినా, అరిచినా నాకు ఇంత భయం వేసేది కాదు.

ఆఖరికి సిగ్గు విడిచి, తాళం ఎక్కడ పెట్టారని బంగార్రాజుగారమ్మాయి శ్రీదుర్గని అడిగాను.

"అమ్మవారి దగ్గరండి. మా ఇంట్లో ముఖ్యమైనవన్నీ అక్కడే పెడతాం కదండీ," అంటూ మిల్లు వెనకే ఉన్న ఇంట్లో పూజగది చూపించింది. మరిడమ్మ పటం ముందు పొలం దస్తావేజులు, బీరువా తాళాలు, వాటి మీద నా స్కూటరు తాళం. దానికి అప్పుడే పసుపు కూడా అంటింది.

"కంప్యూటర్లో కూడా అంతేనండి," అంది శ్రీదుర్గ గర్వంగా. "డీ డ్రైవులో అమ్మవారి ఫోటో పెట్టి ఫోల్డరు చేశాను. మా నాన్నమ్మ మిల్లు లెక్కలు అందులో పెట్టమంటే, ఉగాదినాడు అక్కడికి మార్చేశానండి. అప్పట్నుంచీ అక్కణ్ణించే తెరుస్తున్నాం."

పరుగెత్తి డీ డ్రైవు తెరిచాను. మరిడమ్మ ఫోటో పక్కనే మా పాత ఫోల్డరు, రైతులందరితో సహా క్షేమంగా ఉంది. పొద్దున్నే ఈ పిల్లని ఒక్క మాట అడిగి ఉంటే! నా మీద నాకే ఒళ్ళు మండిపోయింది.

పేర్లన్నీ తెర మీద కనబడగానే బంగార్రాజుగారు నా చేతులు పట్టుకున్నారు.

"తాళం," అన్నాను.

ఆయన ఇబ్బందిగా తల గోక్కున్నారు. "అమ్మవారి దగ్గర పెట్టింది సందె దీపం పెట్టాకే తియ్యాలండి. మా అమ్మ ఒప్పుకోదు. కారేమో కాకినాడ వెళ్ళింది. ఇంకాసేపేనండి, ఈలోగా టిఫిను చేసేయండి."

పని అయిపోయినా నన్ను వదల్లేదు. కిటికీలోంచి గేటు దగ్గర నా స్కూటరు కనిపిస్తూనే ఉంది.

బల్ల మీద ఫోను మోగింది. అన్నవరం సత్రం నుంచి రామతులసి. వెనక గంటలు వినిపిస్తున్నాయి.

"దొరికింది తులసీ, బయల్దేరుతున్నాను," అన్నాను గబగబా.

"తొందరేం లేదండీ. వ్రతం అయిపోయింది. ఇవాళ్టి వ్రతాల్లో ఇదే ఆఖరి వరస అన్నారు. మీ బదులు మీ కండువా పక్కన పెట్టుకుని కూర్చున్నాను."

ఫోను చెవికి ఇంకా దగ్గరగా నొక్కుకున్నాను.

"కండువాయే నయమండీ," అంది నెమ్మదిగా. "పెట్టిన చోట ఉంది."

ఫోను పెట్టేసింది. పూజగదిలో బంగార్రాజుగారి తల్లి అప్పాయమ్మగారు దీపం వెలిగించినట్టున్నారు. శ్రీదుర్గ తాళం కళ్ళకద్దుకుని తెచ్చి, భద్రంగా నా చేతిలో పెట్టింది.