యెల్షా అనే ఊరు

"జెల్సోవా... జెల్సోవా..."

గోడవైపు తిరిగి నిలబడి, పుక్కిలి పట్టినట్టు ఆ పేరును నోట్లో అటూ ఇటూ తిప్పుతోంది వార్తలక్కయ్య. రేడియో కేంద్రంలో చిన్నా పెద్దా ఆమెను పిలిచే పేరు అదే. పొడగరి మనిషి, కాస్త వంగిన భుజాలు, మాటిమాటికీ ముక్కు మీదికి జారే కళ్ళద్దాలు, గొంతుకు చలిగాలి తగలకుండా మెడ చుట్టూ ఒక నూలు గుడ్డ. యుద్ధం మొదలైన దగ్గరనుంచి ఆమెకు కూర్చుంటే నిలబడాలనిపిస్తోంది, నిలబడితే నడవాలనిపిస్తోంది. యుద్ధమేమో ఎక్కడో సముద్రాల అవతల. దాని పేర్లు మాత్రం రోజూ ఇక్కడి కాగితాల మీద దిగుతున్నాయి, ఒకదాన్ని మించి ఒకటి నోరు తిరగనివి.

వార్తల సంపాదకుడు తలుపు తోసుకుని వచ్చాడు. ఏ పేరుకు దీర్ఘం ఇవ్వాలో, దేనికి అక్కర్లేదో తేల్చేది ఆయనే గనక, ఆయన లేనప్పుడు అందరూ ఆయన్ని దీర్ఘాలాయన అంటారు.

"ఏమ్మా, ఇంకా దాంతోనే కుస్తీ పడుతున్నారా?"

"అక్కడివాళ్ళు కూడా దీన్ని ఇలాగే అంటారంటారా?"

"ఎలాగైనా అనుకోనివ్వండి. వాళ్ళేమీ మన వార్తలు వినరుగా! కాగితంలో ఉన్నట్టే చదవండి. నిన్నొకలా, ఇవాళొకలా చదివామంటే వినేవాళ్ళు రెండు ఊళ్ళనుకుంటారు."

అదీ సబబే అనిపించింది ఆమెకు. తల ఊపి, హాల్లో మూలనున్న ఫోను దగ్గరికి మళ్ళీ నడిచింది.

యుద్ధం జరుగుతున్న ఆ దేశంలోనే ఆమె తమ్ముడున్నాడు. రేవులో ఓడలకు వెల్డింగు చేస్తాడు. తల్లి పోయినప్పుడు వాడికింకా సరిగా మాటలు రాలేదు. అక్క చంకనెక్కి, అక్క నోరు చూసి మాటలు నేర్చుకున్నాడు. ఎంత దిద్దినా మాటల చివర్లు మింగే అలవాటు మాత్రం వాడికి పోలేదు. ఉండే ఊరి పేరు యెల్షా అని ఫోనులో చెప్పేవాడు. "అదెలా రాస్తార్రా?" అని అడిగితే, "రాతతో నాకేం పనక్కా, ఆ పేరు చెప్తే బస్సువాడు దింపుతాడు, చాలదూ?" అని నవ్వేవాడు.

యుద్ధం వచ్చాక ఆమె మ్యాపు ముందేసుకుని, కళ్ళు లాగేదాకా వెతికింది. యెల్షా లేదు. సంపాదకుడికీ చెప్పి పెట్టింది, ఆ పేరు ఎక్కడైనా తగిలితే చూడమని. "ఎక్కడా లేదమ్మా" అంటాడాయన రోజూ. ఆ మాట వినగానే ఆమె ప్రాణం కాస్త కుదుటపడుతుంది. మ్యాపులోకే ఎక్కని ఊరి మీద బాంబు వేసేంత తీరిక ఎవరికుంటుంది?

ఫోను ఎత్తి తమ్ముడి నంబరు తిప్పింది. ఎప్పటిలాగే అర్థం కాని భాషలో ఒక ఆడగొంతు పలికింది. లైన్లు తెగాయని చెబుతోంది కాబోలు. విని విని ఆ మాటల ఎత్తుపల్లాలు ఆమెకు కంఠతా వచ్చేశాయి.

మధ్యాహ్నం వార్తలకు ఎర్రదీపం వెలిగింది. మొదటిది జెల్సోవా. రెండు మాటలు చదివి ఆగింది. అద్దం అవతల కూర్చున్న అమ్మాయి, ఆ ఊరినుంచి వచ్చిన రికార్డింగు వేసింది. రాళ్ళు తొలగిస్తున్న చప్పుడు, ఎవరివో కేకలు. వాటి నడుమ ఒక ముసలామె గుండెలు బాదుకుంటున్నట్టు ఏడుస్తోంది. ఆమె ఏం అంటోందో తెలియదు. ఆ ఏడుపులో ఒకే మాట మళ్ళీ మళ్ళీ వస్తోంది.

"యెల్షా... యెల్షా..."

చివర మింగేసి, అచ్చం తమ్ముడు అన్నట్టే.

రికార్డింగు ఆగింది. అద్దం అవతల అమ్మాయి చెయ్యెత్తింది. తర్వాతి వార్త వానల గురించి. వార్తలక్కయ్య చదివింది. ఒక్క అక్షరం తొణకలేదు. నోరు తన పని తాను చేసుకుపోయింది. యుద్ధం మొదలైన రోజు కూడా అది ఇలాగే పనిచేసింది. "జెల్సోవా రేవులో కార్మికుల వసతిగృహం నేలమట్టమైంది" అని తనే చదివింది. ఆ రోజు సంపాదకుడు మెచ్చుకున్నాడు కూడా, కొత్త పేరైనా ఎక్కడా తడబడలేదని.

బయటికి రాగానే ఆయన బల్ల అంచు పట్టుకుంది.

"యెల్షా, జెల్సోవా ఒకటేనండీ."

ఆయనకు ముందు బోధపడలేదు. బోధపడ్డాక చేతిలో కలం కిందపెట్టి, "అయ్యో తల్లీ" అన్నాడు. వెంటనే వార్తలు పంపే ఏజెన్సీకి ఫోను చేశాడు. అక్కణ్ణుంచి ఇంకెవరికో చేశాడు. కనుక్కుని చెబుతామన్నారు. వార్తలక్కయ్య కాలుగాలిన పిల్లిలా ఆ వసారా ఈ చివరినుంచి ఆ చివరికి తిరుగుతూనే ఉంది. ఎవరో టీ ఇస్తే తీసుకుంది. అది చల్లారేదాకా చేత్తో పట్టుకుని తిరిగి, ఒక కిటికీలో పెట్టేసింది.

పొద్దువాలుతుండగా రేడియో కేంద్రానికి ఫోను వచ్చింది. వార్తలు చదివే అక్కయ్య కావాలట.

"అక్కా, నేను మీ తమ్ముడితో ఒకే గదిలో ఉండేవాణ్ణి."

ఉండేవాణ్ణి అన్న మాట దగ్గరే ఆమెకు తెలిసిపోయింది. అయినా అతన్ని చెప్పనిచ్చింది.

"మొదటి రోజేనక్కా. నాది రాత్రి డ్యూటీ, అందుకని బతికాను. నిన్ననే సరిహద్దు దాటాను. మీ నంబరు నా దగ్గర లేదు. మా అక్క రేడియోలో చదువుతుందని వాడు అందరితో చెప్పుకునేవాడు, అందుకని ఇక్కడికి చేశాను."

"నిద్రలోనేనా, నాయనా?"

"నిద్రలోనే అక్కా."

"నువ్వు ఏమైనా తిన్నావా?"

అవతల అతను ఏడ్చేశాడు. ఆమె ఫోను చెవికి ఆనించుకుని, అతని ఏడుపు అయ్యేదాకా నిలబడింది.

"మీరు ఇంటికెళ్ళండమ్మా. సాయంత్రం వార్తలు నేను చదువుతాను" అన్నాడు సంపాదకుడు.

"నేనే చదువుతానండీ."

ఆయన కాదనలేకపోయాడు. ఎర్రదీపం వెలిగింది. కాగితం మీద జెల్సోవా అని ఉన్న ప్రతిచోటా ఆమె "యెల్షా" అని చదివింది. అద్దం అవతల అమ్మాయి కంగారుగా సంపాదకుడి వైపు చూసింది. ఆయన, కానివ్వమన్నట్టు చెయ్యి ఊపాడు. వార్తలు ముగియకముందే ఫోను మోగింది. ఎవరో శ్రోత విసుక్కుంటున్నాడు.

"నిన్నటిదాకా జెల్సోవా అన్నారు, ఇవాళేమో యెల్షా అంటున్నారు. ఏమిటండీ ఇది? రెండు ఊళ్ళా?"

"ఒకటేనండీ" అన్నాడు సంపాదకుడు. "ఇన్నాళ్ళూ మేమే తప్పు చదివాం."

చీకటి పడే వేళకు ఆమె ఇల్లు చేరింది. దీపం వేసి, తలుపు మూసింది. తలుపు వెనక నేలమీద తమ్ముడి పాత బూట్లున్నాయి. అక్కడి చలికి ఇవి ఆగవని వదిలేసి వెళ్ళినవి. ఆమె గోడకు ఆనుకుని, వాటి పక్కన కూలబడింది. తొడుక్కునే తొందరలో తొక్కి తొక్కి మడమల దగ్గర తోలు అణిగిపోయింది. లేసుల ముళ్ళు మాత్రం వాడు ఎప్పుడూ విప్పకపోవడంతో బిగిసిపోయి అలాగే ఉన్నాయి.