ఇంజన్ విప్పిన మిరుగు

తడిసిన మట్టి వాసన.

తెల్లవారుజామున కురిసి వెళ్ళిపోయిన వాన... మిరుగు కార్తెలో, అంటే మృగశిరలో, మొదటి వాన. మట్టి వాసన వెంటే గోడ అవతలి నుంచి మందుల కంపెనీ వాసన. గడ్డపోతారం చుట్టుపక్కల వాన పడితే ఆ రెండూ కలిసే వస్తాయి. ఇక్కడ పుట్టిన పిల్లలు వాన వాసనంటే అదే అనుకుంటారు.

ఆ వాసనలో కౌసల్య దున్నుతోంది.

బీరమ్మ చెలక అది. ఒక కొసన కంపెనీ కాంపౌండ్ గోడ. ఇంకో కొసన ప్లాట్ల వెంచర్ వాళ్ళు పాతిన తెల్లరాళ్ళు. మధ్యలో చీర పరిచినట్టు సన్నగా, పొడుగ్గా నేల.

ట్రాక్టర్ గోడ దాకా వెళ్ళింది. తిరిగింది. మళ్ళీ గోడ దాకా వెళ్ళింది.

తిరగలేదు.

ఇంజన్ గొంతు పట్టేసినట్టు ఒకసారి మూలిగింది. గొట్టంలోంచి నీలం పొగ లేచింది... గోడ ఎక్కి అవతలికి పోయింది. కౌసల్య కల్టివేటర్ పైకి లేపింది. బరువు తగ్గినా ఇంజన్ కోలుకోలేదు. టకటకమని కొట్టుకుంది. ఆగింది.

గెట్టు మీద కూర్చున్న బీరమ్మ లేచి నిలబడింది.

కౌసల్యకు ఇది ఇవాళ కొత్తగా తెలిసిందేమీ కాదు. ఎండాకాలం నుంచే ఆయిల్ తాగుతోంది. పొద్దున స్టార్ట్ కావడానికి మొరాయిస్తోంది. ఆయిల్ పోసే మూత తీస్తే లోపలి నుంచి ఆవిరి కొడుతోంది. ఈ వానాకాలం గడిస్తే చాలనుకుంది.

గడవలేదు.

* * *

కౌసల్యకు నలభై దాటాయి. పెళ్ళై వచ్చినప్పుడు ఈ ఇంటికి భూమి ఉంది, ఎడ్లు ఉన్నాయి. తర్వాత ఎడ్లు పోయి ట్రాక్టర్ వచ్చింది. ఆ తర్వాత ఇల్లు కట్టుకోవడానికి, మామ జబ్బుకి భూమి పోయింది. ట్రాక్టర్ మిగిలింది. భర్త మల్లయ్య కంపెనీలో చేరాడు.

మంచాన పడకముందు మామ సంగయ్యే ఆమెకు ట్రాక్టర్ నేర్పాడు. ఆయన దగ్గర ఒకటే పాఠం.

"కండ్లతోని కాదు బిడ్డా... చెవులతోని నడుపు."

చెవులతోనే నడిపింది. మొదట నవ్వినవాళ్ళు తర్వాత కబురు పెట్టడం మొదలుపెట్టారు. పెద్ద ట్రాక్టర్లు పెద్ద కమతాలకు పోతాయి. గోడల మధ్య, రాళ్ళ మధ్య, తిప్పుకోవడానికి కూడా జాగా లేని ముక్కల్లోకి అవి రావు. ఆ ముక్కలన్నీ కౌసల్యవి. అంటే, ఆమె దున్నేవి.

సొంత భూమి లేని ట్రాక్టర్.

అదే ఇప్పుడు ఇంకొకరి ట్రాక్టర్ వెనక తాడుకు కట్టుకుని ఇస్నాపూర్ వైపు పోతోంది. కౌసల్య సీటు మీదే ఉంది. స్టీరింగ్ పట్టుకుంది. పక్కనుంచి లారీలు, కంపెనీ బస్సులు. కింద ఇంజన్ చప్పుడు లేదు. కాళ్ళ కింద వణుకు లేదు. ఇన్నేళ్ళలో ఆ సీటు మీద ఆమె ఇంత నిశ్శబ్దంగా ఎప్పుడూ కూర్చోలేదు.

* * *

మెకానిక్ శివశంకర్ షెడ్డు ఇస్నాపూర్‌లో కిరాయి గదుల వరసకు వెనక ఉంటుంది. అతను హడావిడి పడే మనిషి కాదు. హెడ్డు విప్పాడు. పిస్టన్లు ఆడే మూడు బోర్లూ గుడ్డతో తుడిచాడు. కౌసల్యను దగ్గరికి పిలిచాడు.

"గోరు పెట్టి సూడు అక్కా. పైనుంచి కిందికి."

ఆమె చూపుడువేలు గోరు బోరు లోపల ఆనించి కిందికి జరిపింది. కాస్త దిగగానే గోరు తట్టుకుంది. చిన్న మెట్టు.

"తల్గిందా?"

"తల్గింది."

"గదే. రింగులు రాసుకుంట రాసుకుంట గంత లోతు తిన్నయ్."

కింద ఆయిల్ చాంబర్ కూడా దింపాడు. బేరింగుల మీద గీతలు. క్రాంక్ మీద కూడా గీతలు. శివశంకర్ చేతులు తుడుచుకుని బోర్లించిన డబ్బా మీద కూర్చున్నాడు.

"రెండు తొవ్వలున్నయ్ అక్కా. హాఫ్ జేస్తే — కొత్త రింగులు, కొత్త బేరింగులు, వాల్వులు సాఫ్ జేసి కూసోవెడ్త. జల్దీ అయితది. ఈ వానలల్లనే దున్నుకోవచ్చు. కని పాత బోర్ల కొత్త రింగులు... ఎన్ని దినాలు ఆగుతయో నేను జెప్పలేను. నడిమిట్ల పట్టేస్తే క్రాంకే పోతది."

"ఫుల్ జేస్తే?"

"లైనర్లు, పిస్టన్లు అన్నీ కొత్తయి. క్రాంక్ పటాన్‌చెరు లేత్‌కు పోవాలె, గ్రైండింగ్‌కు. ఆడ లైన్ ఉంటది. వానలు సగం పోతయ్. ఖర్సు కూడ గట్లనే ఉంటది. కని ఇంజన్ మాత్రం... ఇంకో పదేండ్లు నీ ఎంబడి ఉంటది."

"నువ్వయితే ఏం జేస్తవ్ తమ్మీ?"

శివశంకర్ విప్పిన ఇంజన్ వంక చూశాడు.

"ఇంజన్‌కు ఏం గావాల్నో నేను జెప్త. నీకు ఎన్నేండ్లు గావాల్నో నువ్వే జెప్పాలె."

* * *

ఎన్నేళ్ళు...

సాయంత్రం షిఫ్టు దిగి వచ్చిన మల్లయ్య ముందు కూడా ఆ మాటే పెట్టింది. అతను కాళ్ళు కడుక్కుని, గడప మీద కూర్చుని, అంతా విన్నాడు.

"హాఫ్ జేపియ్యి," అన్నాడు.

"ఎందుకు?"

"పదేండ్ల ఇంజన్ ఏం జేసుకుంటవ్? ఈడ పదేండ్లు దున్నెతందుకు ఏముంటది? మొన్న రోడ్డు మీది చెలక పోయింది. వాళ్ళ ఎనకది పోతది. మనది పోలేదా?"

కోపంగా అనలేదు. కంపెనీ గేటు ఎన్ని గంటలకు తీస్తారో చెప్పినట్టు చెప్పాడు. 'మనది పోలేదా' అన్న మాట దగ్గర మాత్రం అతని గొంతు కాస్త కిందికి దిగింది. ఆమె చెవులు దాన్ని పట్టుకున్నాయి.

బయట మబ్బు పట్టింది. ఎక్కడో దూరంగా పెద్ద ట్రాక్టర్ ఒకటి దున్నుతోంది. ఎవరి చెలకో చప్పుడును బట్టి చెప్పగలదు. చెప్పాలనిపించలేదు.

* * *

మర్నాడు ఆమె నడిచింది.

ఎప్పుడూ ట్రాక్టర్ మీద పోయే దారిలో కాళ్ళతో నడిచింది. తను దున్నే ముక్కల వాళ్ళందరినీ ఒకటే అడగాలనుకుంది. ఇన్నేళ్ళలో ఎవరినీ అడగని మాట. 'అమ్ముతారా?' అని.

అడగడం తేలికే. ఎదుటి మనిషి ముఖం చూడటమే కష్టం.

అందరికంటే పెద్ద ముక్క సోమేశ్వర్ సేటుది. పటాన్‌చెరులో ధాన్యం కొట్టు. ఆ ఒక్కచోటికీ ఆటోలో వెళ్ళింది. తాతలనాటి నేల గనుక ఉంచుకున్నానని చెబుతుంటాడు. కుర్చీ వేయించాడు. చాయ్ తెప్పించాడు.

"ఈ ఏడు దున్నుదాం కౌసల్యా. ఇంజన్ తొందరగా చేయించుకో."

"వచ్చే ఏడు సేటూ?"

సేటు తరాజు పళ్ళెంలో పడ్డ కందిపప్పు ఒక్కొక్కటే ఏరుతున్నాడు.

"వచ్చే ఏటి సంగతి వచ్చే ఏడు చూద్దాం లే."

అర్థమైంది. చాయ్ తాగేసి లేచింది. ఆయన కొట్టు గుమ్మం దాకా వచ్చి పంపాడు. అంతకుముందెప్పుడూ అలా రాలేదు.

ఇంకొకాయన ఇంట్లో లేడు. ఇంకొకామె 'మా కొడుకునడుగు' అంది. కొడుకు 'మా అమ్మనడుగు' అన్నాడు.

నడిచింది... మబ్బు కింద, ఆరని బురదలో, చెప్పులు చేతబట్టుకుని.

చివరికి బీరమ్మ చెలక. సగం దున్ని ఆగిపోయిన నేల. దున్నిన సగం నల్లగా, దున్నని సగం పచ్చిగడ్డితో. బీరమ్మ పారతో గెట్టు చెక్కుతోంది. కౌసల్యను చూసి ఆగలేదు.

"ఎట్లున్నదే ఇంజన్?"

కౌసల్య చెప్పింది. హాఫ్ సంగతి, ఫుల్ సంగతి. మల్లయ్య అన్నది. సేటు అననిది.

"నువ్వు అమ్ముతవా పెద్దమ్మా?"

బీరమ్మ పార ఆపింది. నడుం మీద చెయ్యి పెట్టుకుని నిటారుగా నిలబడింది. తెల్లరాళ్ళ వైపు చూసింది. గోడ వైపు చూసింది.

"నన్ను అడుగుతున్నవా? నేను నిన్నడుగుదమనుకుంటున్న."

"నన్నా?"

"నువ్వు దున్నుతే ఉంచుకుంట. నువ్వు బందువెడితే అమ్ముకుంట. నా రెక్కలతోని అయితదా? ఇందులకు ఇంకో ట్రాక్టర్ వస్తదా? నువ్వు ఎన్నేండ్లు దున్నుతవో చెప్పు... నేను గన్నేండ్లు ఉంచుకుంట."

మళ్ళీ వంగింది. పార మట్టిలో దిగిన చప్పుడు... తీసిన చప్పుడు.

కౌసల్య గెట్టు మీద కూర్చుండిపోయింది.

ఇంజన్ సంగతి తేల్చుకోవడానికి భూమిని అడగవచ్చింది. భూమేమో ఇంజన్‌ను అడుగుతోంది. సేటు ఎవరికోసం చూస్తున్నాడో తెలియదు. 'అమ్మనడుగు' అన్న కొడుకు ఎవరికోసం చూస్తున్నాడో తెలియదు. అందరూ ఎదుటివాళ్ళ మాటకోసం ఆగి ఉన్నారు. ఈలోగా తెల్లరాళ్ళు మాత్రం ఎవరికోసమూ ఆగడం లేదు.

ఎవరో ఒకరు ముందు చెప్పాలి.

* * *

"ఫుల్ జెయ్యి," అంది శివశంకర్‌తో.

అతను పానా అందుకున్నాడు.

క్రాంక్ గోనెసంచిలో చుట్టి ఆటోలో వేసుకుని కౌసల్యే పటాన్‌చెరు తీసుకుపోయింది. కాళ్ళ మధ్య నిలబెట్టి రెండు చేతులా పట్టుకుంది. ఆటో గుంతలో పడ్డప్పుడల్లా ఆ బరువు ఆమె మోకాళ్ళకు ఒరిగింది. పక్కన కూర్చున్న బిహారీ కుర్రాడు 'క్యా హై ఆంటీ' అన్నాడు. 'ట్రాక్టర్ కా దిల్' అంది. తనలా అంటుందని తనే అనుకోలేదు. కుర్రాడు కాళ్ళు ముడుచుకుని చోటిచ్చాడు.

లేత్ దగ్గర లైన్ ఉంది. నిజంగానే ఉంది.

వాన వచ్చింది. నేల తడిసింది. ఆరింది. మళ్ళీ వాన వచ్చింది. అందరి చెలకల్లో పత్తి గింజలు పడ్డాయి. సేటు ముక్కలో వేరే ట్రాక్టర్ దిగిందని ఎవరో చెప్పారు. దున్నడానికి రమ్మని ఫోన్లు వచ్చాయి... తగ్గాయి... ఆగాయి.

తప్పు చేశానా అని ఒకసారి అనుకుంది. తప్పో ఒప్పో, విప్పేసిన ఇంజన్ విప్పేసే ఉంది.

ఒకనాడు మధ్యాహ్నం షెడ్డుకు వెళ్ళేసరికి మల్లయ్య అక్కడున్నాడు. షిఫ్టు దిగి నేరుగా వచ్చినట్టున్నాడు. కంపెనీ బట్టల్లోనే గొంతుక్కూర్చున్నాడు. డీజిల్ పోసిన తట్టలో పాత వాల్వులు, బోల్టులు వేసి బ్రష్‌తో కడుగుతున్నాడు. ఒక్కొక్కటీ వెలుతురుకు పట్టి చూసి, తుడిచి, గుడ్డ మీద వరసగా పెడుతున్నాడు. ఆమెను చూసి తల వంచుకున్నాడు.

"నాయిన గిట్లనే కడిగేటోడు," అన్నాడు.

ఆమె పక్కన కూర్చుని ఇంకో బ్రష్ తీసుకుంది.

* * *

స్టార్ట్ చేసిన రోజు మొదట తెల్లపొగ. తర్వాత పలచన. తర్వాత గొట్టం పైన గాలి మాత్రం వేడికి సన్నగా కదిలింది. అంతే.

శివశంకర్ చెవి దగ్గరికి వచ్చి అరిచాడు.

"మొదట్ల బరువెయ్యకు అక్కా! పెద్ద చెలకలకు పోకు. చిన్న గేర్ల పెట్టి మెల్లగ నడుపు. లోపల కొత్త సామాను ఒకదానికొకటి అలవాటు గావాలె!"

పెద్ద చెలకలు ఎలాగూ లేవు. కౌసల్యకు నవ్వొచ్చింది.

బీరమ్మ చెలకకు పోయేసరికి పొద్దు గోడ మీదికి వచ్చింది. బీరమ్మ ఊరికే కూర్చోలేదు. దున్నని సగంలో ఓ మూల పారతోనే తవ్వింది. మంచం వేసేంత జాగా తవ్వింది. పార పక్కన పడేసి ఉంది. ఆమె అరచేతులకు గుడ్డ చుట్టి ఉంది.

"పత్తికి అదును దాటింది. కందులు, జొన్నలు ఏసుకుంట," అంది. "నడుపు."

కౌసల్య కల్టివేటర్ దించింది. చిన్న గేరు. మెల్లగా. మట్టి విచ్చుకుంది... నల్లగా, తడిగా, ముద్దలు ముద్దలుగా. ఇంజన్ చప్పుడు కొత్తగా ఉంది. చెవులు ఇంకా దాన్ని తన ట్రాక్టర్ అనుకోవడం లేదు. వింటూ నడిపింది. గోడ దాకా. తిరిగి రాళ్ళ దాకా.

రాళ్ళ పక్కన తెల్లకారు ఒకటి వచ్చి ఆగింది. భార్యాభర్తలు దిగారు. వెంట వెంచర్ కుర్రాడు. జాగా చూడటానికి వచ్చినవాళ్ళు. కుర్రాడు చెయ్యి చాపి చూపిస్తున్నాడు — ఈ గోడ నుంచి... అటు... ఆ చేతి కింద బీరమ్మ చెలక కూడా ఉంది.

కారు ముందు చక్రాలు గెట్టు దాటి చెలకలోకి వచ్చాయి. సరిగ్గా ట్రాక్టర్ తిరగాల్సిన చోట.

కౌసల్య క్లచ్ తొక్కింది. ఆగింది. ఇంజన్ మాత్రం ఆపలేదు.

బీరమ్మ చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని కారు దగ్గరికి నడిచింది. ఆమె కోప్పడుతుందని కౌసల్య అనుకుంది. కోప్పడలేదు. చుట్టం వస్తే పీట జరిపినంత మామూలుగా అంది.

"బండి జెర ఎనకకు తీయి బిడ్డా. మా ట్రాక్టర్ తిర్గాలె."

కారతను కుర్రాడి వంక చూశాడు. కుర్రాడు బీరమ్మ వంక చూశాడు. వెనక మబ్బు నల్లబడుతోంది. ఒకటి రెండు చినుకులు కారు అద్దం మీద పడ్డాయి.

కారు వెనక్కి జరిగింది. ఎంత అవసరమో అంతే.

కౌసల్య స్టీరింగ్ తిప్పింది.