తొంభై తొమ్మిది శాతం అలసట

చెప్పులు తారుమారుగా తొడుక్కున్నవాడు చక్రవర్తి అయినా సరే, పది అడుగులు గౌరవంగా నడవలేడు. ఎడమ ఎడమే, కుడి కుడే. ఈ మహాసత్యం మీద సృష్టి యావత్తూ నిలిచి ఉంది. ఆ సత్యానికి కొంతకాలం న్యాయాధిపతిగా వ్యవహరించిన నేను ఒక ఉక్కు గొట్టాన్ని. జానెడు పొడవు, చిటికెనవేలంత లావు. ప్రయోగశాలలో నన్ను కాలమ్ అంటారు.

నా కడుపు నిండా తెల్లని పొడి, ఆ పొడి రేణువుల మీద సన్నని పూత. కొన్ని అణువులు మనుషుల రెండు చేతుల్లా జంటలుగా పుడతాయి. చూడబోతే ఒకటే, ఒకదాని మీద ఒకటి పెడితే కుదరవు. మందులో ఒక చేతి అణువు జబ్బు తగ్గిస్తే రెండవది ఊరికే ఉండవచ్చు, కీడూ చేయవచ్చు. అందుకని ఒక్క చేతి అణువునే పుట్టించే ఉత్ప్రేరకం కోసం పండితులు తలలు బద్దలు కొట్టుకుంటారు. ఈ విద్యకు అసౌష్ఠవ ఉత్ప్రేరణ అని పేరు. వారు పుట్టించినదాన్ని నాలోకి పంపితే నా పూత ఒక చేతిని కాసేపు పట్టుకుని, రెండవదాన్ని ముందుగా వదులుతుంది. కంప్యూటర్ తెర మీద రెండు శిఖరాలు లేస్తాయి. ఏది ఎంత పెద్దదో అదే తీర్పు.

జపానులో పుట్టి, మెత్తని పెట్టెలో పవళించి, విశాఖ తీరాన ఒక విశ్వవిద్యాలయంలో ఆచార్య నేమాని విశ్వపతిగారి కొలువుకు చేరాను. ఆయుధపూజనాడు నాకు పసుపు పూసి కుంకుమబొట్టు పెట్టారు. మొదటి రోజే రెండు చేతులూ సమానంగా కలిసిన మిశ్రమాన్ని నాలోకి పంపి చూశారు. ఒకే కొలత గల రెండు శిఖరాలు లేచాయి. ఆ చిత్రాన్ని గోడకు అంటించారు. ఆపైన దానికి నమస్కరించని రోజు లేదు. ఆ పరీక్ష మళ్ళీ చేసిన రోజూ లేదు.

పలాస నుంచి వచ్చిన పరిశోధక విద్యార్థిని గేదెల హైమావతి తన ఉత్ప్రేరకంతో చేసిన పదార్థాన్ని పట్టుకుని నా దగ్గరికి వచ్చేది. కావలసిన చెయ్యి అరవై రెండు శాతం అనేవాణ్ణి. మరొకటి తెచ్చేది. అరవై నాలుగు. ఆచార్యులవారు నిట్టూర్చేవారు. సత్యం చెప్పేవాడి మీద ఎవరికీ ప్రేమ ఉండదని నాకు అప్పుడే అర్థమయింది.

ఈలోగా పొరుగు ప్రయోగశాలవారు, "ఒక్క పూట ఇవ్వండి, శుభ్రంగా కడిగి పంపుతాం" అని నన్ను అట్లపెనంలా పట్టుకుపోయారు. అన్నమాట ప్రకారం కడిగారు కూడా. వారు కడగడానికి వాడిన ద్రావకం నా పూతకు పడదని నా పెట్టె మీద స్పష్టంగా రాసి ఉంది. పెట్టె మాత్రం మా దగ్గరే ఉండిపోయింది.

తిరిగి వచ్చాక నాకు దేనినీ పట్టుకునే ఓపిక లేదు. ఎడమ వచ్చినా కుడి వచ్చినా, పొండి నాయనా అని ఒకేసారి వదిలేసేవాణ్ణి. తెర మీద ఒక్కటే శిఖరం లేచేది. ఒక్క శిఖరమంటే ఒక్క చెయ్యే పుట్టిందని చూసేవారి లెక్క.

"ఏటమ్మా హైమా, తొంభై తొమ్మిదే! హిమాలయం ఎక్కేసినావు. మాకు బిరియానీ ఎప్పుడు?" అన్నాడు సీనియరు దాలినాయుడు.

పరిశోధనాపత్రం అచ్చయింది. దేశదేశాల పండితులు దాన్ని తమ పత్రాలలో ఉటంకించారు. ఆచార్యులవారికి శాలువాలు కప్పారు. నేను అలసిపోయినకొద్దీ ఆయన ప్రభావం పెరిగింది.

హైమావతి సిద్ధాంతగ్రంథం బైండింగుకు సిద్ధమయింది. పట్టా వస్తే హైదరాబాదులో మందుల కంపెనీ ఉద్యోగం ఖాయం. ఆఖరిసారి ప్రయోగం చేస్తూ ఆమె ఉత్ప్రేరకం వేయడం మరిచిపోయింది. చర్య ఈడ్చుకుంటూ ఈడ్చుకుంటూ జరిగింది. ఉత్ప్రేరకం లేకపోతే రెండు చేతులూ సమానంగా పుట్టాలి. నేను మాత్రం యథావిధిగా తొంభై తొమ్మిది శాతం అన్నాను.

ఆమె చాలాసేపు గోడ మీది చిత్రాన్ని చూసింది. తరువాత ఆ సమాన మిశ్రమాన్నే వెతికి తెచ్చి నాలోకి పంపింది. రెండు శిఖరాలు రావలసిన చోట ఒక్కటే వచ్చింది.

"నోరు మూసుకోవే తల్లీ," అన్నాడు దాలినాయుడు గొంతు తగ్గించి. "పట్టా సేతికొచ్చాక సెప్పుకుందువు గాని. ఐదేళ్ళ కష్టం."

"రేపు దీన్ని నమ్మి ఎవడో మందు చేస్తాడు గదన్నా."

ఆచార్యులవారితో చెబితే మొదట నవ్వారు. "పెళ్ళయ్యాక మళ్ళీ పెళ్ళిచూపులేమిటమ్మా?" అన్నారు. ఆమె తెర ఆయన వైపు తిప్పింది. ఆయన స్టూలు మీద కూర్చున్నారు.

"ఎవరికైనా చెప్పావా?"

"దాలినాయుడన్నకి చెప్పానండి. మీరు చెప్పకపోతే మిగతావాళ్ళకి నేనే చెప్తానండి."

ఆయన ముఖంలో కోపం వచ్చి, నిలవడానికి చోటు దొరక్క వెళ్ళిపోయింది. కొత్త కాలమ్ తెప్పించారు. అది కుర్రతనం కొద్దీ అరవై ఒకటి అని నిజం చెప్పేసింది. ఆయనే పత్రాన్ని వెనక్కి తీసుకున్నారు. హైమావతి గ్రంథం మళ్ళీ రాయడానికి కూర్చుంది. కంపెనీవారు ఆగలేదు, ఉద్యోగం మరెవరికో వెళ్ళింది. నన్ను కిటికీ పక్కన, సముద్రపు గాలికి కాగితాలు ఎగరకుండా వాటి మీద పెట్టారు. ఇన్నాళ్ళకు నా శక్తికి తగిన పదవి.

ఒక మధ్యాహ్నం ఆచార్యులవారు ప్రయోగశాలలోనే కూర్చుని, తన పత్రాన్ని ఉటంకించినవారికి ఒక్కొక్కరికీ ఫోను చేసి క్షమాపణ చెప్పుకోసాగారు. హైమావతి పక్కనే రాసుకుంటూ ఉంది.

"మా పద్ధతి నమ్మి మీ పిల్లలు ఎంత కాలం పోగొట్టుకున్నారో..."

"చెయ్యడమా? అబ్బే, మేం చెయ్యలేదండీ. అందరూ ఉటంకిస్తున్నారని మేమూ ఉటంకించాం. మీరేం మనసులో పెట్టుకోకండి," అన్నారు ఫోనులో మొదటి ఆయన.

రెండవ ఆయనా చేయలేదు. మూడవ ఆయనకు ఆ పత్రమే గుర్తు లేదు. వచ్చే నెల సదస్సుకు ముఖ్య అతిథిగా రమ్మన్నారు. సాయంత్రానికి జాబితా అయిపోయింది.

హైమావతి కలం ఆపింది. "మరి ఈ చర్య చేసి చూసినోళ్ళు ఎవరు సార్?"

ఆచార్యులవారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"నువ్వేనమ్మా. ఇంకెవరూ లేరు."