దాయాది కావలెను

మనిషి పేరుకు ముందు నిలిచే పొడి అక్షరం పక్కన ఒక చుక్క ఉంటుంది. ఈ భూమండలం మీద సర్వే నంబరు పడని ఆస్తి అదొక్కటే. అయినా దానికీ వారసుడు కావలసిందే. ఈ మహాసత్యం, గిద్దలూరు డిపోలో ముప్ఫై రెండేళ్ళు కండక్టరుగా పనిచేసి దిగిన తంగెళ్ళపెంట గురుస్వామికి అరవై దాటాక గాని బోధపడలేదు. ఆయనకు ఇద్దరు కూతుళ్ళు. ఇద్దరూ పెళ్ళిపీటల మీద నుంచి లేస్తూనే వేరే చుక్కల కిందికి వెళ్ళిపోయారు.

గురుస్వామి తండ్రి ఆదిశేషు కరువు ఏట, ఏడేళ్ళ వయసులో, ఎవరివో గొర్రెల వెంట నడిచి రాచర్ల చేరినవాడు. తనకొక అన్న ఉండేవాడనీ, మేత చాలక మంద రెండుగా చీలిన చోట అన్న అడవి వైపు మళ్ళాడనీ చెప్పేవాడు. అంతకు మించి గుర్తులేదు. వాళ్ళ కులంలో ఒక మనిషి పోతే ఆ ఇంటిపేరు మగవాళ్ళంతా పది రోజులు మైల పడతారు. పదో రోజున చిన్నవాళ్ళు మీసం తీయించుకొని, అందరూ వరసగా నిలబడి నీళ్ళు వదులుతారు. ఆదిశేషు పోయినప్పుడు ఆ వరసలో ఉన్నది గురుస్వామి ఒక్కడే. ఒక్కడు నిలబడితే దాన్ని వరస అనవచ్చునా అన్న సందేహం ఆయన్ను ఆనాటి నుంచీ వదల్లేదు.

తాలూకా అంతా దాయాదులతో గట్ల మీద కొట్లాడి మార్కాపురం కోర్టు మెట్లు అరగదీస్తుంటే, దాయాది కోసం అలమటించిన ఏకైక పురుషుడు ఆయన. తన గట్టును జానెడు లోపలికి దున్నే దుర్మార్గుడొకడు ఎక్కడైనా ఉండకపోతాడా అని ఆశపడేవాడు.

"ఏందయా, ఉన్నోళ్ళకే కాఫీలు కాయలేక సస్తాంటే, లేనోళ్ళను ఎతుక్కుంటా పోతావా?" అన్నది భార్య నాగరత్నమ్మ.

"ఉన్నోళ్ళంతా నీ తట్టోళ్ళు. నాకు నావాళ్ళు కావాల."

"దొరికితే ముందు మన ఎకరాలో వాటా అడుగుతారు, సూడు."

"అడగనీ," అన్నాడు గురుస్వామి, ఎంతో ఆశగా.

మూడేళ్ళు తిరిగాడు. ఈ తాలూకాలు కర్నూలు జిల్లాలో ఉన్నప్పటి కాగితాల కోసం కర్నూలు దాకా వెళ్ళి వచ్చాడు. అడంగళ్ళు తిరగేశాడు, మరణాల పట్టికలు చదివాడు. తనవాడు కాని ప్రతి మృతుడికీ మనసులో క్షమాపణ చెప్పుకుని పేజీ తిప్పాడు. చివరికి యర్రగొండపాలెం అవతల, అడవి అంచున, ఒక పల్లె సచివాలయంలో రమ్య అనే ఉద్యోగిని చూపిన భూముల జాబితాలో ఆయన వేలు ఒక చోట ఆగి మళ్ళీ లేవలేదు. తంగెళ్ళపెంట కాటమరాజు. మెట్ట, మూడెకరాల పన్నెండు సెంట్లు.

"ఈయన ఏడుంటాడమ్మా?"

రమ్య ఇంకో పుస్తకం తెరిచింది. "పోయినాడు తాతా. డెబ్బై ఒక్కేండ్లంట."

"ఎన్నేండ్లాయె?"

"ఏండ్లేంది? ఇయ్యాలకు తొమ్మిదో రోజు. రేపే దినాలు."

 గురుస్వామి ఇన్నాళ్ళు వెతికిన అన్న, పెదనాన్న కొడుకు, తొమ్మిది రోజులు ఆగలేకపోయాడు. కళ్ళు తుడుచుకుంటున్న ఆయనకు, దుఃఖం అడుగున మరొకటి మెల్లగా తగిలింది: తెలియకుండానే తాను తొమ్మిది రోజులుగా మైలలో ఉన్నాడు!

తిరుగు బస్సులో ఎవరో శ్రీశైలం ప్రసాదం పంచుతుంటే చేయి వెనక్కి తీసుకున్నాడు. "మాకు మైల," అన్నాడు. ఆ 'మాకు'లో తనతో పాటు ఇంకో మగవాడు ఉండటం, ఆయన పోయినవాడే అయినా సరే, తండ్రి పోయాక అదే మొదలు. గిద్దలూరులో దిగి, తెల్లారేదాకా ఆగలేక, నేరుగా మంగలి దుకాణానికి వెళ్ళాడు. ముప్ఫై రెండేళ్ళు ప్రయాణికులను అదుపులో పెట్టిన మీసం పది నిమిషాల్లో నేలపాలయింది.

నాగరత్నమ్మ ఆ ముఖాన్ని ఎగాదిగా చూసింది. "దీని కింద ఈ మూతి ఉందని తెలిసింటే, మా నాయనకు సెప్పి సంబంధం ఒద్దనిపిచ్చేదాన్ని," అన్నది. అని, పెట్టెలోంచి కొత్త తువ్వాలు తీసి ఇచ్చింది.

మర్నాడు పల్లె చివర బోరు దగ్గర పదకొండు మంది మగవాళ్ళు వరసగా నిలబడి ఉన్నారు. పదకొండు నున్నటి మూతులు!  గురుస్వామి నేరుగా వెళ్ళి పన్నెండోవాడుగా నిలబడ్డాడు. పక్కవాడి భుజం తగిలింది, తగలనిచ్చాడు. దోసిట్లోకి నీళ్ళు పట్టాడు.

"ఎవురు మామా నువ్వు?" అన్నాడు పక్కనున్న నడివయసు మనిషి.

"తంగెళ్ళపెంట గురుస్వామిని. ఆదిశేషు కొడుకుని. మనోళ్ళమే."

"తంగెళ్ళపెంటోళ్ళా? మేమంతా సూరబోయినోళ్ళం గదా!"

తంగెళ్ళపెంట పేరు చెవిన పడి, చనిపోయినాయన భార్య మణెమ్మ ఆడవాళ్ళ మధ్యనుంచి లేచి వచ్చింది. గురుస్వామి ముఖాన్ని రెండు చేతుల్లోకి తీసుకుంది. "తమ్ముడు కొండకు అవతల పోయినాడని మా నాయన సచ్చేదాంక సెప్తానే ఉండె. ఆ తమ్ముని కొడుకువా? ఇన్నాళ్ళకు దోవ కనపడెనా నీకు?"

"అక్కా!" అన్నాడు గురుస్వామి. ఇద్దరూ ఏడ్చారు. తర్వాత ఆయన మళ్ళీ దోసిట్లోకి నీళ్ళు పట్టి, "అన్నకు నీళ్ళు ఇడిసి వస్తానక్కా," అన్నాడు.

"అన్నేంది? నీకు బావ గదా! మా నాయనకు నేనొక్కదాన్నే. ఆయన ఇల్లరికం వచ్చినాడు. పొలం మాది గదా, పట్టాలో మా ఇంటిపేరే రాయించుకున్నాడు."

"మరి పిల్లోళ్ళు?"

"సూరబోయినోళ్ళే. వాళ్ళ నాయన ఇంటిపేరు పోగూడదంటిమి."

పక్కవాడు గురుస్వామి పైపెదవిని జాలిగా చూశాడు. "బావ కోసరం మీసం తీసినోన్ని నిన్నే సూస్తిమి మామా!" వరసంతా నవ్వింది. తడి కళ్ళతో మణెమ్మ కూడా నవ్వింది. గురుస్వామి దోసిట్లో నీళ్ళు మాత్రం వేళ్ళ సందుల్లోంచి వాటంతటవే జారిపోయాయి.

బావ పోతే బావమరిదికి పది రోజుల మైల ఉండదు. ఒక్క స్నానంతో తీరిపోతుంది. ఆ స్నానం ఆయన తెల్లవారుజామునే గిద్దలూరులో, బస్సు ఎక్కకముందే చేసి వచ్చాడు.