నూనె పూయలేదని రాసియ్యండి

నా నోరు మంచిది కాదని కోడుమూరులో అందరికీ తెలుసు. ముప్పై ఏండ్లు అంగన్వాడీలో పిల్లోల్లకు పాటలు చెప్పినా. తూకం తక్కువ తెచ్చిన బియ్యం కాంట్రాక్టరును చీపురు పట్టుకోని రోడ్డు దాకా తరిమినా. అట్లాంటి వరమ్మ ఒక కుర్చీ కాడ నోరు మూసుకోవల్సి వచ్చిందంటే ఇప్పటికీ నాకే నమ్మబుద్ధి కాదు.

ఆ కుర్చీ మా ఆయప్ప, నా మొగుడు ఏసన్న కోసం కొన్న్యాం. గుండె బలం తగ్గిపోయి ఊపిరితిత్తుల్లోకి నీరొస్తాండాదని కర్నూలు డాక్టరు చెప్పె. పండుకుంటే ఊపిరాడదు, కూచుంటే నిద్ర పట్టదు. సగం కూచున్నట్టు సగం పండుకున్నట్టు ఉండల్ల, వెనక్కు వాలే కుర్చీ చూసుకోండమ్మా, ఇంగ ఈయనకు అదే మంచం అనె డాక్టరు. అంతకు ముందు దిండ్లు పెట్టి చూస్తిమి, బియ్యం మూట ఆనించి చూస్తిమి. అర్ధగంటకే కిందికి జారిపోయి ఎగపోస్తాండె. ఆఖరికి ఉన్న జత ఎద్దులు అమ్మి, కర్నూల్లో పెద్ద షోరూములో తోలు కుర్చీ కొంటిమి. పక్కనుండే పిడి లాగితే వెనక్కు వాలుతాది, కాళ్ల కింద పలక లేస్తాది. మూడేండ్లు వారంటీ అని అట్ట మీద ముద్దర కొట్టిచ్చిరి. అది వచ్చిన పొద్దు ఆయప్ప ఆరుగంటలు కదలకుండా నిద్రపోయినాడు. నేను పక్కన కూచోని సంతోషానికి ఏడ్చినా.

మా ఇండ్లల్లో కొత్త వస్తువు ఏదొచ్చినా ప్రార్థన చేయించకుండా వాడం. బోరు మోటరు గానీ కుట్టుమిషను గానీ, పాస్టరుగారొచ్చి వాక్యం చదివి, ఒలీవ నూనెతో సిలువ గుర్తు పెట్టాల్సిందే. కుర్చీకీ పెట్టించినాం. మా పాస్టరు దావీదురాజు అయ్యగారు తల ఆనించే చోట నూనె వేలితో సిలువ గీసి, నీ దాసునికి ఇందులో విశ్రాంతి ఇయ్యి ప్రభువా అని ప్రార్థన చేసిరి. నేను ఊరికే ఉంటానా, ఫోను తీసి నిలబెట్టి అందరం పడేట్టు ఫోటో కొడితి. కుర్చీ ఇంట్లో ఎట్లుండాదో ఫోటో పెట్టండి మేడం అని షోరూమోల్లు వాట్సప్‌లో అడిగిండ్రి. ఆ ఫోటోనే పంపిస్తి. అయ్యగారి చేతిలో నూనె సీసా, కుర్చీ మీద తళతళ మెరిసే సిలువ, పక్కన పండ్లన్నీ కనపడేట్టు నవ్వుతాండే నేను. వాళ్లు రెండు దండాల బొమ్మలు పంపిరి.

ఎనిమిది నెలలు తిరక్కముందే కూచునే చోట తోలు పొరలు పొరలుగా లేసొచ్చె, సరిగా కాలని పెనం మీద దోశె లేసినట్టు. ఇంకో పది దినాలకు లోపల ఏందో పట్టీ తెగి ఎడమపక్క కుంగిపాయె. ఆయప్ప వాలితే మనిషి ఒక పక్కకు ఒరిగి, మెడ వాలిపోయి, ఒకటే దగ్గు. ఫోను చేస్తే కంపెనీ మనిషి వచ్చి, కుర్చీని కిందా మీదా సెల్లులో ఫోటోలు తీసుకోని పాయె. వారానికి మెసేజి వచ్చె. మీ క్లెయిము తిరస్కరించడమైనది, తోలుకు నూనె పూసినందున వారంటీ వర్తించదు అని. కింద సాక్ష్యం అని చెప్పి నేను పంపిన ఫోటోనే అంటించిండ్రి. నా నవ్వుమొగం నాకే చూపిచ్చిరి.

ఇంగ నేను ఊరుకుంటానా? కంపెనీకి మూడు ఉత్తరాలు రాస్తి. ఫోను చేస్తే ఒకటి నొక్కు, రెండు నొక్కు అని పాట వినిపిచ్చి పెట్టేస్తాండ్రి. మూడు చెరువుల నీళ్లు తాగిచ్చిరి నాకొడుకులు. వినియోగదారుల కోర్టు సంగతి అడగను వకీలు కాడికి పోతే, కేసు వేయచ్చమ్మా, గెలిచినా గెలుస్తావు, ఏడాదో రెండేండ్లో పడుతుంది అనె. అంతవరకు మా ఆయప్ప ఊపిరి బిగబట్టుకోని కూచోవల్లనా అని అడిగి లేసొస్తి.

నేరుగా షోరూముకే పోతి. మేనేజరు పేరు శివశంకర్. మెత్తని మనిషి, మొదట కూచోమని నీళ్లిచ్చె. నేను ఫోటోలు బల్లమీద పరిచి, నూనె పూసింది తల కాడ, తోలు ఊడింది కూచునే కాడ, నూనె పెట్టిన చోటు చెక్కు చెదరకుండా ఉండాది, ఆ లెక్కన కుర్చీ అంతా నూనె పూసింటే నూరేండ్లు ఉండునేమో అంటి. మేనేజరు నవ్వలేదు. అద్దాల గది తలుపు మూసొచ్చి కూచున్యాడు. మీ కుర్చీతో పాటు వచ్చిన సరుకంతా అంతేనమ్మా, ఇంకా నలుగురివి ఇట్లనే ఊడిపోయినాయి, వాళ్లకు మార్చిచ్చినాం అనె. మరి నాకేం రోగం అంటే, మీరు పంపిన ఫోటోనే రోగం అనె. నూనె పూసినారా లేదా అని పైనోల్ల కంప్యూటర్లో ఒక గడి ఉంటాదంట. అవును అని పడితే ఇంగ ఏ మనిషీ ఆ కాగితం చూడడంట.

"బిల్లు మీ ఆయన పేరు మీద ఉండాది గదమ్మా," అనె గొంతు తగ్గిచ్చి. "కుర్చీకి ఎప్పుడూ నూనె పూయలేదు, ఫోటోలో ఉండేది తాగే నీళ్లు అని ఆయన రాసి సంతకం పెట్టియ్యనీ, ఆ గడిలో కాదు అని మార్పిస్తా. పదైదు దినాల్లో కొత్త కుర్చీ మీ ఇంట్లో ఉంటాది."

అబద్ధం రాస్తేనే నిజమైన న్యాయం జరుగుతాదంట. ఇదేం లోకమప్పా అని బస్సులో వస్తా వస్తా తలకొట్టుకున్యా.

మా ఆయప్ప సంగతి చెప్పల్ల మీకు. చదువు నాలుగో తరగతి, ఆస్తి మూడెకరాల మెట్ట, ఊర్లో పేరు మాత్రం పెద్దది. ఇరవై ఏండ్ల కిందట రెండు పెద్దిండ్లోల్లు పొలం గట్టు కోసం కొట్లాడి కోర్టుకెక్కిరి. రెండుపక్కలా సాక్షిగా ఇచ్చిన పేరు ఒకటే, ఏసన్న. ఈయప్ప పోయి చూసింది చూసినట్టు చెప్పె. ఓడిపోయినోల్లు ఆ ఏడు మమ్మల్ని వాళ్ల చేన్లోకి కూలికి పిలవలేదు. తిండికి కటకటలాడితిమి. నేను తిట్టిన తిట్టు తిట్టకుండా తిడితే, మాట తప్పి తిన్న కూడు అరగదులే వరమ్మా అని ఒక్క మాటనె.

అట్లాంటి మనిషితో శివశంకర్ మాట ఎత్తితే ఏమంటాడో నాకు తెలుసు. అయినా చెప్తి.

"దేవుని పేరున పెట్టిన నూనెను నీళ్లని ఎట్ల రాస్తా?" అనె. అంతే, తల తిప్పుకున్యాడు.

ఆ పొద్దు నేను నోరు పారేసుకుంటి. దేవుడు నీకు ఊపిరిచ్చింది వేలంత నూనె కోసం చచ్చిపొమ్మని కాదు అంటి. నీ సాక్ష్యం నీకు గొప్ప, నా పుస్తె నాకు గొప్ప అంటి. పాస్టరుగారిని తిడితి, షోరూమును తిడితి, ఫోటో కొట్టిన నా చేతిని గోడకేసి కొట్టుకుంటి. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం అన్నట్టయిపాయె నా బతుకు.

కుంగిన కుర్చీలో కూచోలేక ఆయప్పను మంచం మీదికి మార్చినాం. వీపుకు నా వీపు ఆనిచ్చి కూచుంటాంటి, గోడ మాదిరి. నేను కదిలితే ఆయప్ప జారుతాడు. పొద్దు ఎప్పుడు తెల్లారుతాదా అని చూడ్డమే. నెల తిరిగేలోపల నా మెడ పట్టేసి, కుండ ఎత్తుకోవాలన్నా పక్కింటి హులిగెమ్మను పిలవాల్సి వచ్చె. ఆయప్ప కాళ్లు వాచిపాయె. డాక్టరు చూసి, ఆ కుర్చీ ఏమాయె, ఇట్లయితే నెలలు గాదు వారాలు లెక్కపెట్టుకో అని నన్నే కసిరె. ఎవరికని చెప్పుకునేది? అయ్యగారికి చెప్తే, నా నూనె వల్లనే గదా ఇంత కష్టం అని ఆయన కుమిలిపోతారు. ఆ ఇంట్లో మూడు ప్రాణాలం చిక్కుకున్యాం, ఆయప్ప, నేను, ఆ పాడు కుర్చీ.

ఒక మద్దేనం ఆయప్ప గోడకు ఆనుకోని కునుకు తీస్తాండాడు. నేను వంటింట్లో కూచోని కాగితం తీస్తి. మేము కుర్చీకి ఎప్పుడూ నూనె పూయలేదు, ఫోటోలో ఉండేది తాగే నీళ్లు అని గుండ్రంగా రాస్తి. ఇంగ సంతకమే తక్కువ. ఏసన్న సంతకం నాకు తెలీందా? పాత క్యాలెండరు వెనకపక్క పదిసార్లు దిద్దితి. పదోసారికి ఆయప్పే పెట్టినట్టు కుదిరె. మనసు రాయి చేసుకోని కాగితం దగ్గరికి లాక్కుంటి.

తల ఎత్తితే గడప కాడ ఆయప్ప. గోడ పట్టుకోని, రొప్పుకుంటా నిలబడిండాడు. క్యాలెండరు చూసె, కాగితం చూసె, నన్ను చూసె. నేను తిడతాడనుకుంటి. తిట్టింటే ఎంతో బాగుండు.

"పెన్ను ఇట్లియ్యి," అనె. "దొంగ సంతకం నువ్వు పెట్టొద్దు. అబద్ధం నా పేరు మీదుండాది, నేనే చెప్తా."

వద్దయ్యా అంటి. ఎన్ని వారాలు పెట్టు పెట్టు అని ప్రాణం తీసినదాన్ని, అప్పుడు వద్దంటి. ఆయప్ప వినలేదు. నీ మెడ చూడలేకపోతాండా అని మాత్రం అనె. కింద కూచోలేడు గదా, నిలబడే పొయ్యి అరుగు మీద కాగితం పెట్టుకోని, నాలుగో తరగతి అక్షరాలతో సంతకం పెట్టె. పెట్టినాక రెండు చేతులూ లుంగీకి తుడుచుకున్యాడు.

పన్నెండో దినం కొత్త కుర్చీ వచ్చె. శివశంకర్ మాట తప్పలేదు, మంచిదే పంపిచ్చినాడు. పాతది వ్యానులో ఎక్కిచ్చుకోని పోతిరి. ఆయప్ప మళ్లా నిద్రపోబట్టె. కాళ్ల వాపు దిగె, మొగంలో రవంత రక్తం కనపడె. నా మెడా సరయ్యె. సంతోషపడల్ల గదా నేను? పడలేకపోతి. అన్నం ముందు కూచుంటే పైకి ప్రార్థన చేసే మనిషి, నువ్వు చెయ్యి వరమ్మా అని కండ్లు మూసుకుంటాండాడు. పెండ్లయిన ముప్పై ఎనిమిదేండ్లలో నేనెప్పుడూ చేయలేదు మా ఇంట్లో ప్రార్థన. మొదటి నాలుగు మాటలు చెప్పి ఆమెన్ అంటాంటి.

నెల మొదటి ఆదివారం. గుడికి రాలేనోల్లకు అయ్యగారు ఆరాధన అయినాక ఇంటింటికీ తిరిగి ప్రభువు బల్ల, అదే రొట్టె ద్రాక్షరసం, ఇస్తారు. మనసులో పాపం పెట్టుకున్నోల్లు దాన్ని ముట్టగూడదు. మా ఇంటికొచ్చి కొత్త కుర్చీ చూసి, దేవుడు నీ మొర విన్న్యాడు ఏసన్నా అని ఎంతో సంతోషపడిరి. వాక్యం చదివి, రొట్టె విరిచి, ఆయప్ప ముందుకు పట్టుకుంటిరి.

ఆయప్ప చేతులు చాపలేదు. తొడల మీద అట్లనే పెట్టుకున్యాడు.

"నాకొద్దులే అయ్యగారూ," అనె.

దగ్గొస్తుందనా ఏసన్నా, చిన్న ముక్కే ఇస్తాలే అనిరి ఆయన. ఆయప్ప తల అడ్డంగా ఊపె. కారణం చెప్తే అయ్యగారి మనసు విరుగుతాది. ఆ నూనె ఆయనదే గదా. అందుకే దగ్గనే అనుకోనిచ్చె. ఆ గుడి కట్టేటప్పుడు చిన్నప్పుడు రాళ్లు మోసిన మనిషి, జ్వరంలో గూడా బల్ల తప్పని మనిషి. నేనే చేసినా ఇదంతా. రాసింది నేను, ఆయప్పను ఆడికి నెట్టింది నేను.

అయ్యగారు నా పక్క తిరిగి రొట్టె పట్టుకుంటిరి. నేను వద్దంటే ఆయన అడగకుండా పోరు. ఆయప్ప నా తట్టు చూసి, తీసుకో అన్నట్టు గడ్డం రవంత ఎత్తె. ఎందుకు సంతకం పెట్టినాడో అప్పుడు నాకు పూర్తిగా అర్థమయ్యె. ఇంట్లో ఒకరన్నా చెయ్యి చాపగలగల్లని.

చెయ్యి చాపితి. రొట్టె నోట్లో పెట్టుకుంటి.

అయ్యగారు పోయినాక ఆయప్ప, కుర్చీ వెనక్కు వంచు వరమ్మా అనె. పిడి లాగితి. ఏ సప్పుడూ లేకుండా మెత్తగా వాలె. కాళ్ల కింద దుప్పటి సర్ది, పక్కన నిలబడి చూస్తి. ఊపిరి బాగానే ఆడతాండాది.